ఐసిల్డా చెక్కిన ప్లేటు

కింగ్‌స్టన్‌లో ఆ రోజుల్లో పాటగాళ్లు వీధికి పదిమంది ఉండేవారు. వాయించేవాళ్లు ఇరవైమంది. ఈ పాట పుట్టించింది నేనే అని చెప్పుకునేవాళ్లకి లెక్కే లేదు. ఆ పాటని ప్లేటు మీద చెక్కి చేతిలో పెట్టే మనిషి మాత్రం పెల్హామ్ లేన్ మొత్తానికీ ఒక్కతే, ఐసిల్డా పెట్‌గ్రేవ్. సంగీత చరిత్ర రాసే పెద్దమనుషులు ఇప్పటికీ ఆ లేన్‌కి వస్తుంటారు. ఐసిల్డా ఇంట్లో కూర్చుని చల్లటి అల్లం బీరు తాగి, "ఏమ్మా, ఆ స్టూడియోలో పనిచేసిన గొప్పవాళ్లెవరైనా బతికున్నారా?" అని ఆవిడనే అడిగి వెళ్తారు.

ఆవిడ పోర్ట్‌లాండ్ కొండల్లో పుట్టింది. పదిహేడో ఏట తల్లి పోతే, ఏడేళ్ల తమ్ముడు లాసెల్స్ చెయ్యి పట్టుకుని లారీ ఎక్కి కింగ్‌స్టన్‌లో దిగింది. కుట్టుపని వచ్చు కాబట్టి బట్టల దుకాణంలో పని దొరుకుతుందనుకుంది. దొరికింది స్టూడియోలో ఊడ్చే పని. పాటలు ప్లేటు మీదికి ఎక్కించే కటింగ్ మిషన్ గదిలో రోజంతా నేల మీద నల్లటి పీచు పడేది, మంగలి షాపులో జుట్టు పడ్డట్టు. లక్క పూసిన అల్యూమినియం పళ్లెం మీద సూది గాడి కోస్తుంటే లేచే పీచు అది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. దాన్ని ఐసిల్డా పదకొండేళ్లు ఊడ్చింది.

ఒకరోజు మిషన్ నడిపే మహానుభావుడు మధ్యాహ్నం భోజనానికని వెళ్లి టొరంటోలో తేలాడు. యజమాని తల పట్టుకున్నాడు.

"నేను చేస్తానండీ," అంది ఐసిల్డా, చీపురు గోడకి ఆనించి.

"నీకేం తెలుసే?"

"పదకొండేళ్లుగా మీ చెత్త ఎత్తుతున్నాను. ఎన్ని పాడుచేస్తారో నాకు కాక ఎవరికి తెలుస్తుంది?"

ఆ రోజు నుంచి మిషన్ ఆవిడదైంది. తెచ్చినప్పుడే రేడియో వాళ్లు పారేసిన మిషన్ అది. ఐసిల్డా దానికి లేసు గుడ్డ అల్లి కప్పింది. పీచు సూదికి చుట్టుకోకుండా తోయడానికి ఎప్పుడో పోయిన తండ్రి గడ్డం గీసుకునే బ్రష్ పెట్టుకుంది. ఆవిడ చెక్కిన ప్లేటులో డోలు మోత మోకాళ్లకి తగిలేది. జీతం మాత్రం ఊడ్చే మనిషిదే వచ్చేది, ఎందుకంటే ఆవిడ ఊడ్వడం మానలేదు కాబట్టి ఉద్యోగం మారినట్టు కాదని యజమాని వాదన.

అక్కడ ప్రతి లేన్‌కీ ఒక సౌండ్ ఉండేది. సౌండ్ అంటే బీరువాలంత బాక్సులు, ఒక అరుగు, ఆ అరుగు మీద ప్లేట్లు వేసేవాడు. పక్క సౌండ్ దగ్గర లేని పాట మా దగ్గరుంది అనిపించుకోవడమే వాళ్ల మర్యాదంతా. అందుకే దుకాణంలో దొరికే గట్టి రికార్డులతో వాళ్లకి తృప్తి ఉండదు. పాటగాణ్ణి పిలిచి, పాటలో తమ పేరు పెట్టించి, ఒకే ఒక్క ప్లేటు చెక్కించుకుంటారు. అది మెత్తటి సరుకు. అరవై డెబ్భైసార్లు వేస్తే అరగడం మొదలవుతుంది. ఆ సంగతి ఐసిల్డా ప్రతివాడికీ చెప్పేది. ప్రతివాడూ తల ఊపి వెళ్లి, రోజుకి పదిసార్లు వేసుకునేవాడు.

లాసెల్స్ గొంతు బాగుండేది. ఇది అక్కగారి అభిప్రాయం కాదు, ఐసిల్డా తమ్ముణ్ణి మెచ్చుకోవడం ఎవరూ వినలేదు. పద్నాలుగు రికార్డుల్లో వాడు వెనక నిలబడి వంత పాడాడు. పద్నాలుగింటి మీదా వేరేవాళ్ల పేర్లే. వాడి సొంత పాట ఒక్కటీ బయటికి రాలేదు. ఇరవయ్యేడేళ్లు వచ్చినా అక్క వండిన బఠాణీ అన్నం తిని, అక్క ఉతికిన చొక్కా వేసుకుని, వచ్చే ఏడాది నేను లండన్‌లో ఉంటానక్కా అనేవాడు. ఏటా అదే మాట. ఐసిల్డా చొక్కా ఇస్త్రీ చేస్తూనే నవ్వేది.

వాణ్ణి వెతుక్కుంటూ డీకన్ వచ్చాడు.

డీకన్ అసలు పేరు ఎవ్రార్డ్ బిగ్బీ. ఆదివారం చర్చిలో కానుకల పళ్లెం పట్టుకు తిరిగేవాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆయన పళ్లెంతో ఎదురుగా వచ్చి నిలబడితే ఎంత నాస్తికుడికైనా భక్తి తన్నుకొచ్చేది. మిగతా ఆరు రోజులూ అదే పని పళ్లెం లేకుండా చేసేవాడు. ఎన్నికలొస్తే ఓటు వేసే శ్రమ కూడా లేన్ జనానికి లేకుండా చూసుకునేవాడు. ఏనాడూ గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. పెంచాల్సి వస్తే దానికి వేరే మనుషులున్నారు. ఆయనకొక సౌండ్ ఉంది, జోర్డాన్ సౌండ్. దానిమీద తన పేరు మోగాలని ఆయన కోరిక.

"టేపు వద్దు మిస్ ఐసీ," అన్నాడు మిషన్ గదిలో కుర్చీ లాక్కుని. "టేపుంటే కాపీ ఉంటది. కాపీ ఉంటే కాలవ అవతల సౌండ్ నడిపే ఆ షెరీఫ్‌గాడి చేతిలో పడతది. కుర్రోడు నేరుగా ప్లేటు మీదే పాడాలి. లోకంలో ఒక్కటే ఉండాల."

"ఒక్కటే అయితే అరిగిపోద్దండీ. ఇది మెత్తది."

"నా పేరు అరిగిపోద్దా?" డీకన్ నవ్వాడు. ఆయన వెంట వచ్చిన నలుగురూ నవ్వారు. ఆయన ఆపగానే వాళ్లూ ఆపారు.

మోత అణిగేందుకు గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించిన పక్క గదిలో, డోలూ తాళాలూ వాయించేవాళ్లతో కలిసి లాసెల్స్ మైకు ముందు నిలబడ్డాడు. ఐసిల్డా సూది దించింది. చెయ్యి ఊపేలోపే వాడు, "అక్కా, సూది దిగిందా?" అని అడిగాడు. ఆ మాట అచ్చంగా ప్లేటు మీద పడిపోయింది. రెండు గదుల మధ్య అద్దంలోంచి ఐసిల్డా పళ్లు కొరుకుతూ, కానీరా అని చెయ్యి ఊపింది.

వాడు ఎత్తుకున్నాడు. "గేటు తియ్యండి, డీకన్ వస్తున్నాడు" అన్నది మొదటి పాదం. డీకన్ పేరు ఆ ఒక్క పాదంలోనే ఉంది. తర్వాతదంతా వాడు ఎప్పుడో కట్టుకున్న సొంత పాట. పోర్ట్‌లాండ్ కొండ మీద పట్టిన వాన, కింద రేకుల ఇంటి దాకా దిగిరావడం గురించి. ఆ ఇల్లు ఏదో ఐసిల్డాకి తెలుసు. బ్రష్‌తో పీచు తోస్తూ ఆవిడ తల ఎత్తలేదు.

పాట అయ్యాక వాణ్ణి తిట్టింది. "సన్నాసీ! నోరు మూసుకుని ఉండలేవూ? అయ్యా, మొదట్లో వీడి వాగుడు పడింది. ఇంకోటి చెక్కుతాను."

"ఉండనీ," అన్నాడు డీకన్. "ముందు అక్కని పిలిచి, ఆనక నన్ను పిలిచాడు. కుటుంబంలాగుంది."

అలా ఆ ప్లేటు జోర్డాన్ సౌండ్ పెట్టెలోకి వెళ్లింది.

రోజూ పన్నెండు గంటలకి డీకన్ దుకాణం అరుగు మీద బాక్సులు పెట్టి ఆ ప్లేటు వేసేవారు. వేసేవాడి పేరు కెటిల్. పళ్ల సందున ఈల వేస్తుంటాడు, అందుకని కెటిల్. అక్కడి ఆనవాయితీ ఏమిటంటే, పాట నచ్చితే జనం రేకుల కంచెలు దబదబా బాదుతారు. అప్పుడు కెటిల్ సూది ఎత్తి మళ్లీ మొదటికి తేవాలి. ఎన్నిసార్లు మొదటికి తెస్తే పాటకి అంత గౌరవం. డీకన్ పేరు వినపడగానే కంచె బాదకుండా ఉండే ధైర్యం లేన్‌లో ఎవరికుంది? బాదడం మొదటగా ఆపినవాణ్ణి ఎవరైనా గుర్తుపెట్టుకుంటే? చేపల మిస్ వైనీ అయితే చెయ్యి నొప్పెట్టి చెక్క గరిటె తెచ్చుకుంది. దాంతో ఆ పాట ఒక్కసారి వెయ్యడమంటే మొదటి పాదం తొమ్మిదిసార్లు, తక్కినది ఒక్కసారి. తక్కినది కూడా రోజూ కాదు. చాలా రోజులు డీకన్ తన పేరు తొమ్మిదిసార్లు వినేసి తృప్తిగా భోజనానికి లేచేవాడు.

పైగా సూది ఎగరకుండా కెటిల్ దాని నెత్తిన ఒక నాణెం అతికించాడు.

"ప్లేటు తల గొరిగేస్తున్నావు తెలుసా?" అంది ఐసిల్డా ఒకరోజు వాడి దగ్గరికి వెళ్లి.

"తెలుసు మిస్ ఐసీ. నువ్వెళ్లి ఆయనతో చెప్పు, నేను ఇక్కణ్ణుంచి చూస్తా."

ఆవిడ చెప్పలేదు. అప్పటికి ఆ ప్లేటు ఆవిడకి వంద ప్లేట్లలో ఒకటి.

తర్వాత లాసెల్స్ కాలవ దాటి వెళ్లి షెరీఫ్‌కి పాడొచ్చాడు.

"అవే మాటలా?" అంది ఐసిల్డా, చేతిలో గరిటె అలాగే పట్టుకుని.

"అవే. పేరు మార్చానంతే. ఇద్దరి పేర్లకీ కొలత ఒకటేనక్కా, రాగంలో చక్కగా కూర్చుంది."

"నీకు వేళాకోళంగా ఉందట్రా?"

"వాళ్లిద్దరికీ లేదుగా. ఎవరో ఒకరికి ఉండాలి."

వారం తిరక్కుండా షెరీఫ్ సౌండ్ గది తగలబడింది. ఎలక దీపం తన్నిందన్నారు. ప్లేట్లన్నీ వెంట్రుకలు కాలినట్టు కాలిపోయాయి. ఆ పై మంగళవారం పట్టపగలు బస్టాపులో లాసెల్స్‌ని ఎవరో కాల్చారు. బస్సు కోసం అక్కడ నలభైమంది ఉన్నారు. సరిగ్గా ఆ క్షణంలోనే నలభైమందీ వంగి చెప్పుల పట్టీలు సరిచేసుకుంటున్నారట. పోలీసులు నలభైసార్లు అదే రాసుకున్నారు. చెప్పుల పట్టీలు అంత వదులుగా ఉన్న ఊరు మరోటి ఉండదు.

శవపేటిక డీకన్ కొన్నాడు. అన్నిటికన్నా పెద్ద పూలచక్రం డీకన్‌ది. ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా ఏడ్చిందీ డీకనే. ఆయన జీవితంలో గొంతు పెంచింది ఆ ఒక్కరోజే కావచ్చు. ఐసిల్డా ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఇచ్చిన చేతిరుమాలు తీసుకుంది. ఆవిడకి కోపం రాలేదంటే పచ్చి అబద్ధం. ఆ రుమాలు ఆయన నోట్లో కుక్కాలనిపించింది. ఏమీ చెయ్యలేక, రుమాలు మడిచి సంచీలో పెట్టుకుంది. ఇంటికొచ్చాక, ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కా కుర్చీకి వేలాడుతూ కనబడేసరికి నేల మీద కూలబడి ఏడ్చింది.

మర్నాడు పన్నెండింటికి లేన్ అవతల నుంచి వాడి గొంతు వినబడింది. "అక్కా, సూది దిగిందా?"

ఐసిల్డా కిటికీ దగ్గరికి పరిగెత్తింది. దబదబా కంచెలు. మళ్లీ, "అక్కా, సూది దిగిందా?" తొమ్మిదిసార్లు పిలిచాడు. అప్పుడు అర్థమైంది ఆవిడకి. వంత పాడిన పద్నాలుగు రికార్డుల్లో వాడి గొంతు పదిమంది గొంతుల్లో కలిసిపోయింది. షెరీఫ్ ప్లేటు బూడిదైంది. టేపు లేదు. ఇక లోకంలో వాడిగా వాడు మిగిలింది ఆ ఒక్క ప్లేటులోనే. అది డీకన్ పెట్టెలో ఉంది, కెటిల్ నాణెం కింద అరుగుతోంది.

వెళ్లి అడిగింది. సిగ్గు విడిచి అడిగింది.

"ఒక్క పూట ఇవ్వండయ్యా. టేపులోకి తీసుకుని ఇచ్చేస్తాను."

"టేపా?" అన్నాడు డీకన్ ఎంతో నొచ్చుకుని. "టేపు వద్దని ఆనాడే అనుకున్నాం కదా తల్లీ. పైగా పోయినోడి పాట. ఇప్పుడు దాని విలువే వేరు. దాంట్లో ఉంది నా పేరు."

విలువ పెరిగింది కాబట్టి రోజుకి ఒకసారి వేసేది మూడుసార్లయింది. ఐసిల్డా స్టూడియో కిటికీ దగ్గర బ్రష్ పట్టుకుని వినేది. ముందు తాళాల మోత పోయింది. తర్వాత మాటల అంచులు పోయాయి. వానాకాలం వచ్చేసరికి మొదటి పాదం దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుండేది. జనం అప్పటికీ కంచెలు బాదుతూనే ఉన్నారు. వినబడేదానికీ బాదడానికీ సంబంధం ఏనాడో తెగిపోయింది.

ఎన్నికల ముందు ఒక శనివారం డీకన్ అభ్యర్థిగారిని పిలిచాడు. అరుగు మీద రంగు కాగితాలు, మేక కూర, తెల్ల రమ్ము. జనమంతా వచ్చారు, రాకపోతే బాగుండదు కాబట్టి. "అయ్యగారూ, మనవాళ్లు నామీద కట్టిన పాట వినండి," అన్నాడు డీకన్. కెటిల్ సూది దించాడు.

ఇసక జల్లిన చప్పుడు. అంతే. జనం అలవాటు కొద్దీ కంచెల మీదికి చేతులెత్తారు గానీ దేనికి బాదాలో తెలియలేదు. కెటిల్ చెమటలు కక్కుతూ మొదటికి తెచ్చాడు. మళ్లీ ఇసక. ఈసారి సూది ఎత్తడానికి వాడికి చెయ్యి ఆడలేదు. ఇసక దాటి రెండో పాదం, గంట కొట్టినట్టు, స్వచ్ఛంగా వచ్చింది. కొండ మీద వాన పట్టింది, అని లాసెల్స్ పాడాడు.

చేపల మిస్ వైనీ తనలో తాను అనుకున్నట్టే అంది, కానీ ఆవిడ చేపలమ్ముకునే గొంతుతో అంది. "ఓరి నాయనో. కుర్రోడు ఆయన పేరు పలకనంటున్నాడు."

అభ్యర్థిగారికి వేరే ఊళ్లో మీటింగు గుర్తొచ్చింది. డీకన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పోలీసుకీ తుపాకీకీ జంకని మనిషి, తలకిందులుగా పట్టుకున్న పిల్లిలా అయిపోయాడు.

మర్నాడు చర్చి అయ్యాక నల్ల కోటుతోనే ఐసిల్డా ఇంటికి వచ్చాడు. వెంట నలుగురు లేరు. చంకలో ప్లేటు ఉంది. గడప బయటే నిలబడ్డాడు.

"మిస్ ఐసీ, నిజం చెప్పు. నీ తమ్ముడు ఏమంటన్నాడు?"

నిజం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మీ పేరు మీరే గొరిగించుకున్నారు అని. చెప్తే ఏమవుతుందో కూడా ఐసిల్డాకి తెలుసు. కెటిల్ వీపు చిట్లుతుంది. ప్లేటు మళ్లీ అరుగెక్కుతుంది, మిగిలిన వాన కూడా ఇసకైపోతుంది. సంచీలో ఆ రుమాలు ఇంకా ఉంది. దాన్ని వేళ్లతో గట్టిగా పట్టుకుంది.

"నేను చెక్కినప్పుడు మీ పేరు అందులో ఉందండీ," అంది. "ఇప్పుడు లేదు. మిగతాదంతా శుభ్రంగానే పాడుతున్నాడు. మీరే విన్నారుగా."

ఒక్క అబద్ధం లేదు అందులో.

"ఇరగ్గొట్టేస్తా దీన్ని."

ఐసిల్డా ఆయన చంకలోని ప్లేటు వంక చూసింది. "మీ ఇష్టమండీ. విరగ్గొడితే వాడికి ఉండటానికి చోటు పోద్ది. ఎక్కడికి పోతాడో మరి. మీ ఇంట్లో బాక్సులు చాలా ఉన్నాయిగా."

డీకన్ ప్లేటుని చంకలోంచి తీసి, ఒంటికి దూరంగా పట్టుకున్నాడు.

"మరేం చెయ్యమంటావ్?"

"ఎవరి మనిషి వాళ్లింట్లో ఉండాలి గదండీ."

డీకన్ ఆ ప్లేటు చర్చిలో పళ్లెం పట్టుకునే పద్ధతిలోనే రెండు చేతులా పట్టుకుని, ఆవిడ చేతుల్లో పెట్టాడు. జీవితంలో మొదటిసారి ఆ భంగిమలో ఏదైనా ఇచ్చాడు. దయ్యానికి వీపు చూపించకూడదు కాబట్టి గేటు దాకా వెనక్కి వెనక్కి నడిచాడు. లేన్ జనం కిటికీల్లోంచి చూశారు. ఆ వేళ ఎవరి చెప్పుల పట్టీలూ ఊడలేదు.

ఐసిల్డా స్టూడియో తాళం తీసింది. టేపు తిప్పింది. నాణెం లేని తేలికపాటి సూది వెతికి పెట్టింది. ఎనిమిది నెలలు ఎదురుచూసి, ఇప్పుడు సూది దించింది.

ఇసక. ఆవిడ చిన్నగా నవ్వింది, పోయావా డీకన్ అని. ఇసక ఇంకా వస్తోంది. ఇంకా. తర్వాత కొండ మీద వాన పట్టింది.

అప్పుడు గానీ ఆవిడకి తట్టలేదు. సూది మొదటికి తెచ్చిన ప్రతిసారీ డీకన్ పేరు కన్నా ముందు అరిగింది ఏమిటో. ముందు అక్కని పిలిచాడు, ఆనక ఆయన్ని. ఆ మిషన్ సంగతి ఊళ్లో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, కిటికీ దగ్గర నిలబడి రోజూ లెక్కపెట్టుకుంది కూడా, అయినా ఆ ఇసకలో డీకన్ ఒక్కడే పోయాడనుకుంది. పాట అయ్యేదాకా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. పాట బాగుంది. వాడు నిజంగానే బాగా పాడాడు.

ఎన్నికలయ్యాక డీకన్ మయామీ వెళ్లి, అక్కడ ఇంకెవరి చేతిలోనో పోయాడు. అక్కడి బస్టాపుల్లో జనం చెప్పులెలా కట్టుకుంటారో తెలియదు. ఐసిల్డా ఆ టేపు నుంచి ప్లేట్లు చెక్కి, కాలవకి ఇవతలి సౌండ్లకీ అవతలి సౌండ్లకీ ఇచ్చింది. ప్రతి ప్లేటు మీదా లాసెల్స్ పెట్‌గ్రేవ్ అని తన చేత్తో రాసింది. వాన పాటకి కంచెలు ఇప్పటికీ మోగుతున్నాయి. అది మొదట ఎవరిమీద కట్టారో కొత్తవాళ్లకి తెలియదు, పాతవాళ్లు అడిగినా చెప్పరు.

కెటిల్ ఇప్పుడు వేరే సౌండ్‌కి పనిచేస్తున్నాడు. మొన్న ప్లేటు కోసం వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మిస్ ఐసీ, ముందున్న ఆ ఇసక చప్పుడు తీసెయ్యరాదూ? టేపుకి బ్లేడుతో ఒక్క కోత. నిమిషం పని."

"టేపు మీద చెయ్యేశావంటే విరిచేస్తా."

"ఇంకా డీకన్ అంటే అంత భయమా? ఆయన పోయి ఆరేళ్లాయె. ఆయన చోటు ఆయనకి అట్టే పెట్టావా?" కెటిల్ ఈల వేసుకుంటూ బయటికి వెళ్లాడు.

ఐసిల్డా కొత్త ప్లేటు ఎక్కించి, టేపు తిప్పి, సూది దించింది. ఇసక చప్పుడు మొదలైంది. ఆ నాలుగు క్షణాలూ ఆవిడ బ్రష్ పక్కన పెడుతుంది.

"దిగిందిరా," అంది. తర్వాత బ్రష్ తీసుకుని పీచు తోసింది.